బొగ్గుబాయి, ఊరు, అడవి: మీ ప్రశ్నలకు జవాబులు

గోదావరి లోయలో బొగ్గున్న చోటే అడవీ ఉంది. 1871లో ఇల్లందు దగ్గర బొగ్గు జాడ దొరికింది మొదలు బెల్లంపల్లి, మందమర్రి, రామగుండం, భూపాలపల్లి, మణుగూరు, సత్తుపల్లి దాకా గని ఊళ్లన్నీ అడవి అంచునే లేచాయి. ఉత్తరాన కవ్వాల్ పులుల అభయారణ్యం. అది దాటి మహారాష్ట్రలోకి వెళ్తే చంద్రపూర్ గనులు, వాటిని ఆనుకుని తాడోబా పులుల అభయారణ్యం. ఈ ప్రాంతాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమంది అడిగిన ప్రశ్నలను ఈ సంచికలో తీసుకున్నాం. గనుల పర్యావరణం, ఊపిరితిత్తుల వైద్యం, వన్యప్రాణి రంగాల్లో పనిచేసేవారు కలిసి జవాబులు రాశారు. ఉత్తరాలు రాసినవారి పేర్లు, గనుల పేర్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: గని గేటు ముందున్న బోర్డు మీద పీఎం 10 అంకె 180 దాటి కనిపిస్తోంది, పక్కనే "పరిమితి లోపు" అని రాసి ఉంది. బడిలో సైన్సు సారు మాత్రం దేశం మొత్తానికి పరిమితి 100 అంటున్నారు. ఎవరి మాట నిజం?
– ఒక ఇంటర్ విద్యార్థి

జవాబు: ఇద్దరి మాటా నిజమే, ఎందుకంటే ఇక్కడ ప్రమాణాలు రెండు. జనం ఉండే చోటికి 2009లో ఇచ్చిన జాతీయ ప్రమాణం ప్రకారం ఘనపు మీటరు గాలిలో పీఎం 10, అంటే 10 మైక్రాన్లకు మించని సన్నదుమ్ము, రోజు సగటు 100 మైక్రోగ్రాములు, ఏడాది సగటు 60 దాటకూడదు. ఇంకా సన్నదైన పీఎం 2.5కు ఆ హద్దులు 60, 40. బొగ్గు గనులకు 2000 సెప్టెంబరులో వేరే ప్రమాణం ఇచ్చారు. దుమ్ము లేచే చోటి నుంచి గాలివాలు దిక్కున 500 మీటర్ల దూరంలో కొలవాలి. 1998 డిసెంబరు తర్వాత మొదలైన గనులకు అక్కడ పీల్చే దుమ్ము (పీఎం 10) రోజు సగటు 250 వరకు, ఏడాది సగటు 180 వరకు ఉండొచ్చు. అంతకుముందే నడుస్తున్న గోదావరి లోయ గనులకు ఇంకాస్త సడలింపు ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పీఎం 10కు చెప్పిన రోజువారీ హద్దు 45.

ఆ బోర్డు వల్ల చాలామంది మరిచిపోయే షరతు ఒకటి గనుల ప్రమాణం ఇచ్చిన ఆ 2000 నాటి నోటిఫికేషన్‌లోనే ఉంది. దుమ్ము లేచే చోటికి 500 మీటర్ల లోపు నివాసాలుంటే గని ప్రమాణం చెల్లదు, జాతీయ ప్రమాణమే వర్తిస్తుంది. మీ వాడ, మీ బడి హాల్ రోడ్డుకు, అంటే గని లారీలు, డంపర్లు తిరిగే మట్టి రోడ్డుకు, ఎంత దూరమో ముందు కొలుచుకోండి. ఫోన్‌లో మ్యాప్ తెరిచి దూరం చూసినా సరిపోతుంది. 500 మీటర్ల లోపే ఉంటే "మా దగ్గర 100 హద్దు పాటిస్తున్నారా" అని రాతపూర్వకంగా అడగండి.

అంకె కంటే ముందు అడగాల్సినవి మరి కొన్ని ఉన్నాయి. యంత్రం ఎక్కడ పెట్టారు? గాలి ఎటు నుంచి వీచే రోజున కొలిచారు? గని నడిచే రోజా, సెలవు రోజా? గెస్ట్ హౌస్ మేడ మీదో, చెట్ల గుబురు వెనకో పెట్టిన యంత్రం మంచి అంకెలే ఇస్తుంది. గాలి కొలతలు సాధారణంగా పదిహేను రోజులకోసారి తీస్తారు కాబట్టి ఏడాదికి ఇరవై నాలుగైదు రోజులకే లెక్క ఉంటుంది. ఆ రోజుల్లో వానాకాలానివి ఎన్ని, డిసెంబరు–ఫిబ్రవరి నెలలవి ఎన్ని అన్నది చూడాలి. చలికాలం సాయంత్రాలు చల్లగాలి నేలకు అంటుకుపోయి దుమ్ము పైకి పోదు. ఏడాదిలో పాడు రోజులు అవే.

ఓపెన్‌కాస్ట్‌లో, అంటే పైనుంచి గొయ్యిలా తవ్వే గనిలో, దుమ్ముకు పెద్ద మూలం బ్లాస్టింగ్ అనుకుంటారు. అది కళ్లకు కనిపిస్తుంది గనుక అలా అనిపిస్తుంది. అసలు దుమ్ము రేయింబవళ్లు డంపర్లు తిరిగే హాల్ రోడ్డు నుంచి వస్తుంది. ట్యాంకరుతో నీళ్లు చల్లితే మే నెల ఎండకు గంట తిరక్కుండానే ఆరిపోతుంది. అదే పనిగా ఎక్కువ చల్లితే రోడ్డు బురదవుతుంది. ఆ బురద లారీ చక్రాలకు అంటుకుని తారు రోడ్డు మీదికి వచ్చి, అక్కడ ఎండి, ప్రతి బస్సు వెనకా పొడిగా లేస్తుంది. మీ ఊరి రోడ్డు అంచున మెత్తటి బూడిద రంగు పొర పేరుకుని ఉంటే అది ఇలా వచ్చిందే. దీనికి మందు ఇంకో ట్యాంకరు కాదు. లారీ బయటికి వచ్చే చోట చక్రాలు కడిగే తొట్టి కావాలి, తాడుతో బిగించి కట్టిన టార్పాలిన్ కావాలి, రోడ్డు అంచులు గట్టిపరచాలి. కుదిరిన చోట బొగ్గును లారీల మీద కాక రైలు మీదికి మళ్లించాలి. భద్రాచలం రోడ్–సత్తుపల్లి మధ్య వేసిన 54 కిలోమీటర్ల రైలు మార్గం అందుకు ఉపయోగపడే పనే.

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్లు. చలికాలమంతా దగ్గు, రాత్రిళ్లు పిల్లికూతలు. ఇల్లు మారే స్తోమత లేదు. ఇంట్లో మేం చేయగలిగింది ఏమైనా ఉందా?
– ఒక గృహిణి

జవాబు: ఉందమ్మా. ముందు వైద్యం సంగతి. రాత్రి దగ్గు, పిల్లికూతలు పదే పదే వస్తుంటే అది ఆస్తమా కావచ్చు. పిల్లల డాక్టరు ఇన్‌హేలర్ రాస్తే భయపడకండి, స్పేసర్ గొట్టంతో వాడితే మందు నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది. సిరప్ కంటే మోతాదు చాలా తక్కువ. తగ్గగానే సొంతంగా ఆపేయడం వల్లే మళ్లీ మళ్లీ తిరగబెడుతుంది. దగ్గు రెండు వారాలు దాటినా, బరువు తగ్గుతున్నా టీబీ పరీక్ష చేయించండి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం.

ఇక ఇల్లు. పొడి చీపురుతో ఊడిస్తే కింద పడిన సన్నదుమ్ము మళ్లీ బిడ్డ ముక్కు ఎత్తుకు లేస్తుంది. తడిగుడ్డతో తుడవండి, కిటికీ గట్లు కూడా. రోడ్డు వైపు కిటికీలు సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఎండ ఎక్కేదాకా మూసి, వెనక వైపువి తెరవండి. బిడ్డ దుప్పటి, దిండు గలీబులు ఆరుబయట రోడ్డు వైపు ఆరేయకండి. నీళ్ల ట్యాంకుకు మూత ఉండాలి. గుడ్డ మాస్కు, కొంగు అడ్డం పెట్టుకోవడం సన్నదుమ్మును ఆపవు. ఎన్95 ఆపుతుంది గానీ పిల్లల ముఖానికి సరిగ్గా అమరదు కాబట్టి దాని మీద ఆధారపడొద్దు.

ఏరుకొచ్చిన బొగ్గు పొయ్యిలో వాడుతుంటే గని దుమ్ము కంటే ముందు అది మానాలి. వాకిట్లో బొగ్గు రాజేసినప్పుడు వచ్చే పసుపుపచ్చ పొగలో గంధకం ఉంటుంది, ఆస్తమా పిల్లలకు వెంటనే పట్టేస్తుంది. కుంపటిని గదిలో పెట్టుకుని తలుపులేసి పడుకోవడం ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

ప్రశ్న: మా ఆయన తొమ్మిదేళ్లుగా ఓపెన్‌కాస్ట్‌లో కాంట్రాక్టరు కింద డ్రిల్లు మీద పనిచేస్తున్నాడు. మట్టి పనే, బొగ్గు పని కాదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఎక్స్‌రే చూసి టీబీ అని ఆరు నెలలు మందులు వాడించారు. తగ్గలేదు, మళ్లీ టీబీ అంటున్నారు. బొగ్గు దుమ్ములో లేడు కదా, ఇది గని జబ్బు అవుతుందా?
– ఒక కార్మికుడి భార్య

జవాబు: అవుతుంది. బొగ్గు దుమ్ము కంటే ప్రమాదమైన దుమ్ములో ఉన్నాడు. బొగ్గు మీద కప్పి ఉండే మట్టి అంటే ఇక్కడ ఎక్కువగా ఇసుకరాయి. దాంట్లో ఉండేది క్వార్ట్జ్, అంటే సిలికా. డ్రిల్లు బిట్టు దాన్ని కంటికి కనిపించనంత సన్నగా నూరుతుంది. అది ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్లి మచ్చకట్టించే జబ్బు సిలికోసిస్. పైభాగంలో చిన్న చిన్న గుండ్రటి మచ్చలు ఎక్స్‌రేలో కనిపిస్తాయి. వృత్తి ఏమిటని అడగని డాక్టరు దాన్ని టీబీ అనుకోవడం మామూలే.

ఇంకో చిక్కు ఉంది. సిలికోసిస్ ఉన్నవారికి టీబీ నిజంగానే ఎక్కువగా వస్తుంది, రెండూ కలిసి ఉండొచ్చు. అందుకే వాడుతున్న టీబీ మందులు సొంత నిర్ణయంతో ఆపొద్దు. తెమడలో టీబీ క్రిమి ఉందో లేదో తేల్చే సీబీనాట్ లేదా ట్రూనాట్ పరీక్ష ఈ రెండుసార్లలో ఎప్పుడైనా చేశారా, ఫలితం ఏమిటి అన్నది ముందు కాగితం మీద తెచ్చుకోండి. క్రిమి లేకుండా ఎక్స్‌రే చూసి మాత్రమే మందులు మొదలుపెట్టి ఉంటే, ఛాతీ నిపుణుడి దగ్గరికి వెళ్లి మూడు అడగండి: ఐఎల్‌ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) వర్గీకరణ ప్రకారం చదివిన పెద్ద ఎక్స్‌రే, ఊపిరి సత్తువ కొలిచే స్పైరోమెట్రీ, అనుమానం తీరకపోతే హైరిజల్యూషన్ సీటీ. డాక్టరుకు చెప్పేటప్పుడు "గనిలో పని" అని ఊరుకోకండి. "ఇసుకరాయిలో డ్రిల్లింగ్, తొమ్మిదేళ్లు, రోజుకు ఇన్ని గంటలు, క్యాబిన్ ఉందా లేదా" అని రాయించండి. ఆ వాక్యం కేసు షీటులో ఉండడం తర్వాత పరిహారానికీ ముఖ్యం.

సిలికోసిస్‌ను వెనక్కి తిప్పే మందు లేదు. చేయగలిగినవి దుమ్ములోంచి బయటపడడం, బీడీ సిగరెట్లు మానడం, ఫ్లూ, న్యుమోనియా టీకాలు వేయించుకోవడం, టీబీ కోసం క్రమం తప్పక పరీక్షలు. దుమ్ము పని మానేసిన తర్వాత కూడా జబ్బు పెరగొచ్చు, అందుకని పరీక్షలు ఆపొద్దు.

సిలికోసిస్, బొగ్గు కార్మికుల న్యుమోకోనియోసిస్ (బొగ్గు దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) చట్టంలోని వృత్తి వ్యాధుల జాబితాలో ఉన్నాయి. గుర్తించిన డాక్టరు, యాజమాన్యం గనుల భద్రత డైరెక్టరేట్‌కు తెలియజేయాలి. కాంట్రాక్టు కార్మికుడన్న కారణంతో పరిహారం ఎగ్గొట్టడానికి వీల్లేదు. కాంట్రాక్టరు ఇవ్వకపోతే పని అప్పగించిన ప్రధాన యజమాని ఇవ్వాలి. చిక్కంతా రుజువు దగ్గరే వస్తుంది. కాంట్రాక్టర్లు మారిపోతుంటారు, ఎవరి దగ్గరా రికార్డు మిగలదు. వీటీసీ (వృత్తి శిక్షణ కేంద్రం) ఇచ్చిన శిక్షణ సర్టిఫికెట్, పాత గేట్ పాసులు, సీఎంపీఎఫ్ (బొగ్గు గనుల భవిష్య నిధి) ఖాతా వివరాలు, జీతం పడిన బ్యాంకు పాసుబుక్కు, చేరేటప్పుడు చేసిన వైద్య పరీక్ష నకలు ఇప్పుడే ఒక ఫైలులో పెట్టండి. పని మానేశాక ఇవి దొరకవు.

ఇంకా డ్రిల్లు మీదే ఉన్న మిగతావారికి: డ్రిల్లుకు దుమ్ము పీల్చే కలెక్టరో, నీటి తుంపర ఏర్పాటో ఉంటుంది. తుంపర వేస్తే రంధ్రంలో పొడి ముద్దకట్టి పని నెమ్మదిస్తుందని నీళ్లు ఆపేస్తారు. కలెక్టరు చుట్టూ ఉండే రబ్బరు పరదా చిరిగిపోతే మార్చరు. క్యాబిన్ ఏసీ చెడిపోతే అద్దం తెరుచుకుని కూర్చుంటారు. ఈ మూడూ షిఫ్టు రిజిస్టరులో రాయించండి. బట్టల మీది దుమ్మును కంప్రెసర్ గాలితో దులుపుకోవడం అస్సలు వద్దు. అది సిలికాను నేరుగా ముఖం మీదికి కొట్టుకోవడమే.

ప్రశ్న: గని లోతుగా దిగిన తర్వాత మా బావి ఎండిపోయింది. అధికారులు "వానలు లేవు" అంటున్నారు. బోరు నీళ్లు మాత్రం చవ్వగా, బట్ట ఉతికితే నురగ రాకుండా మారాయి. గని వల్లేనని ఎలా నిరూపించాలి?
– ఒక రైతు

జవాబు: లోతైన ఓపెన్‌కాస్ట్ గొయ్యి నీటిమట్టం కంటే ఎంతో కిందికి దిగుతుంది. అడుగున చేరే నీటిని పంపులు రోజంతా తోడుతూనే ఉంటాయి. చుట్టూ ఉన్న ఇసుకరాయి పొరలోని నీళ్లు గొయ్యి వైపు వాలుతాయి. దగ్గరి బావులు ముందు, ఎక్కువ లోతుకు తగ్గుతాయి. దూరం పోయేకొద్దీ ఆ ప్రభావం పల్చబడుతుంది. మీరు చూపించాల్సింది ఈ వాలునే.

గనికి కిలోమీటరు లోపల రెండు బావులు, రెండు మూడు కిలోమీటర్లలో రెండు, ఐదు కిలోమీటర్లు దాటి రెండు ఎంచుకోండి. ఒక్కోదాని గట్టు మీద రంగుతో గుర్తు పెట్టండి. పదిహేను రోజులకోసారి, పొద్దున్నే, మోటారు వేయకముందు, బరువు కట్టిన తాడు లేదా టేపు అదే గుర్తు నుంచి వదిలి నీరు తగిలే లోతు రాయండి. పక్కనే మండల వర్షపాతం రాయండి. వాన లేకపోవడమే కారణమైతే ఆరు బావులూ కలిసి తగ్గి, వానలు పడ్డాక కలిసి లేస్తాయి. గని కారణమైతే దగ్గరివి ఎక్కువ పడిపోతాయి. మంచి వానలు పడిన ఏడాది అక్టోబరులో కూడా పూర్తిగా లేవవు. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం దాటిన పట్టిక చేతిలో ఉంటే మాట బరువు వేరు. దీనికి తోడు గని మొదలవకముందు తయారైన పర్యావరణ ప్రభావ నివేదికలో మీ చుట్టుపక్కల బావుల అప్పటి నీటిమట్టాలు ఉంటాయి. నీటిమట్టం కొలవడానికి గని వేసిన గొట్టపు బావుల (పీజోమీటర్ల) లెక్కలు, షరతుల అమలుపై యాజమాన్యం ఇచ్చే ఆరు నెలల నివేదికల్లో ఉంటాయి. రెండూ పక్కపక్కన పెట్టండి.

ఇక నీటి రుచి. మేఘాలయ జయంతియా కొండల్లో బొగ్గులో గంధకం బాగా ఎక్కువ. అక్కడ గనుల నుంచి యాసిడ్ కారి వాగుల్లో చేపలే లేకుండా పోయాయి, ఎలుక బొరియల తవ్వకాన్ని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2014 ఏప్రిల్‌లో నిషేధించింది. మన గోదావరి లోయ బొగ్గులో గంధకం తక్కువ కాబట్టి ఆ స్థాయి యాసిడ్ ఉండదు. "పీహెచ్ బాగానే ఉంది" అన్న రిపోర్టుతో తృప్తి పడకూడదని చెప్పడానికే ఈ పోలిక. ఉన్న కొద్దిపాటి యాసిడ్‌ను రాళ్లలోని సున్నం విరగ్గొడుతుంది, బదులుగా నీళ్లలో సల్ఫేటు, కాఠిన్యం పెరుగుతాయి. నురగ రాకపోవడం కాఠిన్యానికి గుర్తు. పేలుడు పదార్థంలోని అమ్మోనియం నైట్రేటు సరిగ్గా పేలకుండా మిగిలితే అది నీళ్లలో కరిగి నైట్రేటు అవుతుంది. ఇది చాలామంది పరీక్ష చేయించరు.

గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో ఈ పేర్లు చెప్పి చేయించండి: టీడీఎస్ (నీళ్లలో కరిగిన మొత్తం లవణాలు), మొత్తం కాఠిన్యం, సల్ఫేటు, నైట్రేటు, ఫ్లోరైడు, ఇనుము, మాంగనీసు. తాగునీటి ప్రమాణంలో కోరదగ్గ హద్దులు లీటరుకు మిల్లీగ్రాముల్లో టీడీఎస్ 500, కాఠిన్యం 200, సల్ఫేటు 200, నైట్రేటు 45, ఫ్లోరైడు 1. వేరే నీళ్లు లేనప్పుడు టీడీఎస్ 2,000 దాకా, కాఠిన్యం 600 దాకా, సల్ఫేటు 400 దాకా, ఫ్లోరైడు 1.5 దాకా అనుమతిస్తారు. నైట్రేటుకు ఆ సడలింపు లేదు, 45 దాటితే పసిబిడ్డలకు డబ్బా పాలు ఆ నీళ్లతో కలపొద్దు. మరిగించడం వల్ల ఇవేవీ పోవు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడతాయి.

ప్రశ్న: తాడోబా పులులు మన వైపు వస్తున్నాయని చదువుతున్నాం. గని అభయారణ్యానికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఉంటే పులికి ఇబ్బంది ఏమిటి? చట్టం నిషేధించింది ఒక్క కిలోమీటరే కదా?
– ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: చట్టం సంగతి మీరన్నది సగం నిజం. జాతీయ పార్కు, అభయారణ్యం లోపలా, వాటి హద్దు నుంచి కిలోమీటరు లోపలా గని తవ్వకూడదని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో మరోసారి చెప్పింది. అది కనీస హద్దు. వన్యప్రాణి చట్టంలో పులుల అభయారణ్యాలను కలిపే దారులకు వేరే రక్షణ ఉంది. జాతీయ పులుల సంరక్షణ సంస్థ సలహా, జాతీయ వన్యప్రాణి మండలి ఆమోదం లేకుండా ఆ దారులను ఇతర అవసరాలకు మళ్లించకూడదు.

ఆ దారులు ఎందుకు ముఖ్యమో కవ్వాల్‌ను చూస్తే తెలుస్తుంది. 2012లో పులుల అభయారణ్యమైంది, కోర్ ప్రాంతమే దాదాపు 893 చదరపు కిలోమీటర్లు. అయినా అక్కడ పులులు స్థిరపడడం కష్టంగానే ఉంది. తాడోబాలో చోటు చాలక బయల్దేరిన కుర్ర పులులు ప్రాణహిత వైపు నుంచి కాగజ్‌నగర్, ఆసిఫాబాద్ అడవుల మీదుగా రావాలి. అలా వచ్చిన ఫాల్గుణ అనే ఆడపులి కాగజ్‌నగర్ అడవుల్లోనే పిల్లల్ని పెట్టింది. పులి ఎంత దూరం పోగలదో తెలియాలంటే, ఆదిలాబాద్‌కు అవతల టిప్పేశ్వర్ నుంచి 2019లో బయల్దేరిన రేడియో కాలర్ పులి కొన్ని నెలల్లో దాదాపు 1,300 కిలోమీటర్లు తిరిగి బుల్దానా జిల్లాలోని జ్ఞానగంగకు చేరింది. దానికి కావాల్సింది విశాలమైన అడవి ఒక్కటే కాదు. పగలు దాక్కునే పొద, తాగే నీళ్లు, రాత్రి దాటగలిగే రోడ్డు ఉంటే ముందుకు పోతుంది.

గని ఈ మూడింటినీ దెబ్బతీస్తుంది. పులి ఎక్కువగా వాగుల వెంట నడుస్తుంది. గని కోసం వాగును మళ్లిస్తే చెట్ల నీడ లేని సూటి కాలువ మిగులుతుంది. మూడు షిఫ్టుల దీపాలు, హారన్లు రాత్రిని పగలు చేస్తాయి. ఎనిమిది కిలోమీటర్ల దూరంలోని గొయ్యి కంటే, దాని నుంచి అడవి మధ్యగా రాత్రంతా సాగే లారీల వరస పెద్ద అడ్డు. పైగా మంచిర్యాల–చంద్రపూర్ జాతీయ రహదారి, కాజీపేట–బల్లార్షా రైలు మార్గం ఇదే అడవిని కోసుకుంటూ పోతాయి. గని నివేదిక తన చుట్టూ 10 కిలోమీటర్ల వృత్తం గీసుకుని లోపలున్నదే చూస్తుంది. దాని పక్క గని ఇంకో వృత్తం గీసుకుంటుంది. రోడ్డు, రైలు, నాలుగు గనులు కలిస్తే దారి మిగులుతుందా అన్న ప్రశ్న ఏ ఒక్క వృత్తంలోనూ పడదు. మా దృష్టిలో అసలు లోపం ఇదే. అన్నింటి ప్రభావం కలిపి లెక్కగట్టే అధ్యయనం కావాలని అడగడం న్యాయం.

అనుమతి షరతుల్లో అడగదగ్గవి కొన్ని: వాగుకు ఇరువైపులా చెట్ల పట్టీని తవ్వకుండా వదలడం, అడవి ముక్కలో చీకటి పడ్డాక లారీలు నిలిపేయడం, దీపాలను గొయ్యి వైపు కిందికి వంచడం, కన్వేయర్ బెల్టును జంతువులు కింద నుంచి పోయేంత ఎత్తులో కట్టడం.

ప్రశ్న: గని తవ్విపోసిన పాత మట్టి గుట్ట మీద పులి తిరిగిందని ఫొటోలు వచ్చాయి. అంటే అడవి తిరిగొచ్చినట్లే కదా?
– ఒక టీచరు

జవాబు: కాదు. గుట్టల మీద ఎక్కువగా లేచేవి సర్కారు తుమ్మ, లంటానా, నాటిన సుబాబుల్. ఆ చిక్కటి పొదల్లో అడవిపందులు చేరతాయి, వాటి కోసం చిరుత, పులి వస్తాయి. చంద్రపూర్‌లో పాత గనుల పొదలు, థర్మల్ కేంద్రం ఆవరణ కలిసిన చోట పులులు, చిరుతలు కార్మికుల వాడల దాకా వచ్చాయి, మనుషులు చనిపోయారు. గుట్ట మీద పులి అంటే అడవి కోలుకుందని కాదు, పులీ మనిషీ ఇరుకున పడ్డారని.

గుట్టను నిజంగా అడవి చేయాలంటే పని తవ్వకానికి ముందే మొదలవుతుంది. పైన ఉన్న జానెడు సారవంతమైన మట్టిని విడిగా తీసి, తక్కువ ఎత్తు కుప్పలుగా పోసి, త్వరగా వాడాలి. ఏళ్ల తరబడి ఎత్తుగా పోసి ఉంచితే అందులోని విత్తనాలు, సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. గుట్ట మొత్తం వాలు 28 డిగ్రీలు దాటకూడదు, చుట్టూ కాలువ, పాదం దగ్గర రాతిగోడ, నీళ్లు తేరుకునే కుంట ఉండాలి. ముందు గడ్డి, తర్వాత మోదుగ, రేల, వెదురు, ఆ తర్వాత నల్లమద్ది, ఇప్ప, తునికి, నేరేడు. ఎన్ని మొక్కలు నాటారని కాదు, మూడో ఏడాది ఎన్ని బతికాయి, ఎన్ని జాతులు అని అడగండి.

ప్రశ్న: పులి భయంతో పత్తి ఏరడానికి కూలీలు రావడం లేదు. పందుల కోసం కొందరు చేను చుట్టూ కరెంటు తీగ పెడుతున్నారు.
– ఒక మహిళా రైతు

జవాబు: భయం అర్థమైనదే. 2024 నవంబరులో కాగజ్‌నగర్ దగ్గర పత్తి చేనులో పనిచేస్తున్న యువతి పులి దాడిలో చనిపోయింది. పులి కదలిక ఉందని అటవీశాఖ చెప్పిన రోజుల్లో పొద్దు బాగా ఎక్కాకే చేనులోకి దిగండి, చీకటి పడకముందే బయటపడండి. వాగు అంచున, పొదల పక్కన ఒంటరిగా వంగి పని చేయొద్దు. నలుగురైదుగురు కలిసి, ఒకరు నిలబడి చూస్తూ మాట్లాడుతూ ఉండాలి. పశువు చచ్చిపడితే దాని దగ్గరికి పోవద్దు, పులి తిరిగొస్తుంది. పైగా కళేబరం కదిలిస్తే పరిహారానికి పంచనామా కుదరదు. కళేబరానికి విషం పెట్టడం, కరెంటు తీగ వేయడం రెండూ నేరాలే. పులి చనిపోతే శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్లు. అంతకంటే ముందు ఆ తీగకు రాత్రి మోటారు వేయడానికి వెళ్లే పక్క చేను రైతే బలవుతాడు.

ప్రశ్న: బ్లాస్టింగ్ వల్ల గోడలు పగులుతున్నాయి. "పరిమితి లోపే" అంటున్నారు.
– ఒక పాఠకుడు

జవాబు: ఊరి ఇళ్లకు కంపన వేగం పరిమితి, తరంగం 8 హెర్ట్జ్ కంటే తక్కువైతే సెకనుకు 5 మిల్లీమీటర్లు, 8–25 మధ్య 10, ఆపైన 15. ఫ్రీక్వెన్సీ చెప్పకుండా వేగం ఒక్కటే చెబితే లెక్క సగమే. యంత్రం మీ గోడ పక్క నేలలో పెట్టారా, గని హద్దులోనా అని కూడా అడగండి. పగులు చివరన పెన్సిలుతో గీత, తేదీ వేయండి. పగులు మీద అడ్డంగా చిన్న గాజుపలకను సిమెంటుతో అంటించండి. అది విరిగితే గోడ ఇంకా కదులుతోందని అర్థం. నల్లరేగడిలో పునాది లేచి పడినా గోడలు పగులుతాయి, కాబట్టి బ్లాస్టింగ్ తేదీలూ సమయాలూ పక్కన రాసిన నోటుపుస్తకం లేకుండా వాదన నిలవదు.

ప్రశ్న: మా మండలంలో కొత్త గనికి ప్రజాభిప్రాయ సేకరణ పెడతారంటున్నారు. ఏం మాట్లాడాలి, మాట్లాడితే లాభముందా?
– ఒక వార్డు సభ్యుడు

జవాబు: తయారై వెళ్తే ఉంది. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు రెండు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి, ఒకటి స్థానిక భాషలో. పూర్తి నివేదిక, తెలుగు సారాంశం కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్తులో, పీసీబీ (కాలుష్య నియంత్రణ మండలి) కార్యాలయంలో చూడొచ్చు. తెలుగు సారాంశంతో ఆగిపోకండి, ఇంగ్లీషు చదివేవారిని పట్టుకుని పూర్తి నివేదికలో నాలుగు చోట్లు చూడండి: గాలి కొలిచిన స్థలాల పటం, బావుల పట్టిక, జంతువుల జాబితా, బొగ్గు రవాణా దారి. అక్కడ తప్పు దొరుకుతుంది. మీ ఊళ్లో ఉన్న చెరువు పటంలో లేకపోవచ్చు, అడవిదున్న, ఎలుగుబంటి తిరిగే చోట "చెప్పుకోదగ్గ జంతువులు లేవు" అని ఉండొచ్చు.

సభలో మాట్లాడేందుకు ఇంతమంది ఉండాలన్న నియమం లేదు, వచ్చిన ఎవరికైనా హక్కుంది. ఉద్యోగాలు, పరిహారం మాట్లాడేవారు చాలామంది ఉంటారు. మీరు రెండు నిమిషాల్లో పేజీ నంబరుతో సహా తప్పు చెప్పి, అదే మాట రాసిచ్చి, అందినట్లు సంతకం తీసుకోండి. చివర్లో సభా వివరాలను అందరికీ వినిపించేలా తెలుగులో చదివి వినిపించాలి, అధ్యక్షత వహించిన అధికారి అదే రోజు సంతకం చేయాలి. అంతా వీడియో తీస్తారు. మీ మాట అందులో రాలేదనిపిస్తే అప్పుడే లేచి చెప్పండి. అటవీ భూమి ఉంటే అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభ తీర్మానం వేరే విషయం, ఈ సభలో చెప్పిన మాటను దానికి బదులుగా లెక్కేయకుండా చూసుకోండి.

అనుమతి వచ్చేస్తే దాన్ని సవాలు చేయడానికి హరిత ట్రైబ్యునల్‌లో గడువు 30 రోజులే, సరైన కారణం చూపిస్తే మరో 60. మనకు చెన్నై ధర్మాసనం. అనుమతి వచ్చాక షరతుల అమలు నివేదికలను ఏటా జూన్ 1, డిసెంబరు 1 నాటికి యాజమాన్యం ఇవ్వాలి. వాటిని డౌన్‌లోడ్ చేసి ఊళ్లో దాచుకోండి.

ప్రశ్న: నిన్న రాత్రి వానలో గని కాలువ నుంచి నల్లనీళ్లు చెరువులోకి వచ్చాయి. ఇవాళ ఏం చేయాలి?
– ఒక మత్స్యకారుడు

జవాబు: మీ ఉత్తరం మాకు చేరేసరికి ఆలస్యమైంది, మళ్లీ జరిగితే పనికొస్తుందని రాస్తున్నాం. నీరు వస్తుండగానే ఫోటోలు, వీడియో తీయండి, లొకేషన్ ఆన్ చేసి. గని నీళ్లలో తేలియాడే మలినాలు లీటరుకు 100 మిల్లీగ్రాములు, నూనె, గ్రీజు 10 దాటకూడదు, పీహెచ్ 5.5–9 మధ్య ఉండాలి. కొత్త రెండు లీటర్ల ప్లాస్టిక్ డబ్బాలు మూడు తీసుకుని, ఒకటి కాలువ నోటి దగ్గర, ఒకటి చెరువు మధ్యలో, ఒకటి కాలువ కలవక ముందున్న ఎగువ నీళ్లలో నింపండి. డబ్బాను అదే నీళ్లతో మూడుసార్లు తొలిచి, గాలి లేకుండా అంచుదాకా నింపి మూత బిగించండి. నూనె పరీక్షకు గాజు సీసా వేరుగా కావాలి, దాన్ని తొలవొద్దు, పూర్తిగా నింపొద్దు. తేదీ, సమయం, చోటు రాసిన చీటీ అంటించి, ఐసు పెట్టెలో పెట్టి 24 గంటల లోపు ప్రయోగశాలకు చేర్చండి.

అదే గంటలో పీసీబీ ప్రాంతీయ కార్యాలయానికి ఫోను చేసి, ఫోటోలతో ఈమెయిలు పంపి, తహసీల్దారుకు నకలు ఇవ్వండి. మీరు తీసిన నమూనా కోర్టులో సాక్ష్యంగా సరిపోదు. చట్టబద్ధమైన నమూనా పీసీబీ అధికారి వచ్చి, రెండు భాగాలు చేసి సీలు వేసి తీసుకెళ్లేదే. కానీ ఆయన వచ్చేసరికి కాలువ తేరుకుని ఉంటుంది, అప్పుడు మీ మూడు డబ్బాల ఫలితమే ఎక్కడ, ఎప్పుడు తీయాలో చెబుతుంది. చేపలు చచ్చితే కొన్నింటిని ఐసులో పెట్టి మత్స్యశాఖ అధికారి చేత పంచనామా చేయించండి, ఎన్ని కిలోలో తూకం వేయించి అందులో రాయించండి. పూడిక తీయడానికి, తాగునీటికి జిల్లా ఖనిజ నిధి నుంచి డబ్బు అడగొచ్చు. 2015 జనవరికి ముందు లీజు పొందిన గనులు రాయల్టీలో 30 శాతం ఆ నిధికి కడతాయి. గ్రామసభ తీర్మానం, అంచనా కాగితంతో కలిపి కలెక్టరుకు ఇవ్వండి. నిధిని నడిపే ట్రస్టు వ్యవహారాలు చూసేది ఆయన కార్యాలయమే.